అండమాన్ వెళ్ళి గోరింకని చూసొచ్చాం

వైజాగ్‌లో మా మేడ మీద రోజూ వాలే గోరింకనే అండమాన్‌లో చూపించి 3,500 రూపాయలు తీసుకున్నారండీ. ఆ మంట ఇంకా చల్లారలేదు, అందుకే ఇది రాస్తున్నా.

జనవరిలో నేను, మా ఆవిడ, మా బావమరిది చెన్నై మీదుగా పోర్ట్ బ్లెయిర్ వెళ్ళాం (2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు గానీ మాకు తగిలిన ఆటోవాళ్ళెవరూ అలా అనలేదు). సెల్యులార్ జైలు, హేవలాక్ దీవి హాయిగా గడిచాయి, వాటి గురించి బోలెడు మంది రాశారు.

నా గోలంతా పిట్టలది. ఊరికి పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న చిడియా టాపుకి మేం దిగిన లాడ్జివాళ్ళే (రోజుకి 2,800, దుప్పట్లు ముక్కిన వాసన) కారు, గైడు, టిఫిను కలిపి ప్యాకేజీ అంటగట్టారు. అక్కడ ఐదున్నరకే వెలుతురు వచ్చేస్తుంది, ఆ టైముకి రమ్మంటే గైడు ఏడున్నరకి చేతులూపుకుంటూ వచ్చాడు. అప్పటికి ఎండ చుర్రుమంటోంది, పిట్టల సందడి సగం అయిపోయింది. టిఫిను అంటే నాలుగు బ్రెడ్డు ముక్కలు. ఆకలేస్తే మా ఆవిడ అరవదు, మాట్లాడ్డం మానేస్తుంది, నాకు దానికే ఎక్కువ టెన్షన్.

మొదట చూపించింది గోరింక. "అండమాన్ స్పెషల్ సార్" అన్నాడు! అది మన వైపు నుంచి మనుషులు తెచ్చి వదిలింది. అసలు అండమాన్ గోరింక వేరు, తలా ఒళ్ళూ తెల్లగా, రెక్కలు నల్లగా ఉంటాయి. సరిగ్గా అప్పుడే అది కరెంటు తీగ మీద, అతని నెత్తికి పైనే కూర్చుని ఉంది, అతను తలెత్తితే కదా. తర్వాత పొదలోంచి గోధుమరంగు పక్షి బయటికొస్తే "ఈగల్" అన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. అది జెముడుకాకి. మన జెముడుకాకికి ఒళ్ళు నలుపు, రెక్కలు రాగిరంగు కదా, ఇక్కడిదానికి ఆ నలుపే ఉండదు, అందుకే కొత్తవాళ్ళు తికమకపడతారు. కానీ గైడు తికమకపడితే ఎలా?

మర్నాడు శ్రీకాకుళం నుంచి వచ్చి అక్కడే స్థిరపడిన ఒక ఆటో ఆయన దొరికాడు. మధ్యాహ్నం దాకా 1,400. ఒక్క పిట్ట పేరు కూడా తెలీదని ముందే చెప్పేశాడు, ఏ చెట్టు దగ్గర ఏది అరుస్తుందో మాత్రం తెలుసు. ఆరుకల్లా చిడియా టాపులో ఉన్నాం. టకటకమని చప్పుడైతే ఆటో ఆపాడు. ఎండిపోయిన మాను మీద కాకంత వడ్రంగిపిట్ట, ఒళ్ళంతా బొగ్గు నలుపు, నెత్తిన ఎర్రటి కుచ్చు. అండమాన్‌లో తప్ప ఇంకెక్కడా లేని పక్షి. బెరడు పెచ్చులు మా కాళ్ళ దగ్గర పడుతున్నాయి. అప్పుడు మా ఆవిడ మాట్లాడింది.

తిరుగుదారిలో సిప్పీఘాట్. 2004 సునామీకి నేల కుంగి పొలాల్లోకి ఉప్పునీళ్ళు వచ్చేశాయి, ఇప్పుడది పిట్టల రాజ్యం. కంటి చుట్టూ తెల్లగా ఉండే గోధుమరంగు బాతు అక్కడి సొంతది. ఒంటి మీద బంగారు చుక్కలున్న ఉల్లంకిలాంటిది సైబీరియా వైపు నుంచి వచ్చే వలసపక్షి. కిందికి వంగిన పొడుగు ముక్కుది కూడా చలికాలపు చుట్టమే. ఇక్కడ బైనాక్యులర్ లేకపోతే అన్నీ బురద ముద్దల్లా కనిపిస్తాయి, ఇంటి నుంచే తెచ్చుకోండి. మా బావమరిది అయితే మాది లాక్కుని గంటసేపు తిరిగివ్వలేదు. వలసవి కావాలంటే నవంబరు నుంచి మార్చి లోపు వెళ్ళండి, లాడ్జి ప్యాకేజీ జోలికి మాత్రం పోకండి.

గది ఖాళీ చేసేటప్పుడు కౌంటర్ దగ్గర అభిప్రాయం రాయమని పుస్తకం ఇచ్చారు. నేను పెన్ను తీసేలోపే మా ఆవిడ లాక్కుని తెలుగులో రాసేసింది: "గోరింక బాగుంది."