మాంగా జుట్టు బొమ్మల కిట్ కొనబోయేవారికి హెచ్చరిక

మాంగా (జపాన్ బొమ్మల కథల) పద్ధతిలో జుట్టు గీయడం నేర్పుతుందని చెప్పి కడప దుకాణాల్లో అమ్ముతున్న ఒక కిట్‌ను, పదో తరగతి చదివే మా మేనకోడలి కోసం 849 రూపాయలకు కొన్నాను. సెలవుల్లో పిల్లలు అడిగితే కాదనలేక ఇదే పెట్టెను మరికొందరు తల్లిదండ్రులు కూడా కొనే అవకాశం ఉన్నందున, అందులో ఏముందో, కొనేముందు ఏం చూసుకోవాలో వివరంగా రాస్తున్నాను. ఫిర్యాదు నడుస్తున్నందువల్ల దుకాణం పేరు గానీ, తయారీదారు పేరు గానీ ఇక్కడ చెప్పడం లేదు.

పెట్టెలో ఒక పుస్తకం, పిడితో పాటు కొన్ని పాళీలు, ఒక సిరా సీసా, ఒక కట్ట కాగితాలు ఉన్నాయి. వీటిలో అన్నిటికంటే అన్యాయమైనది పుస్తకమే. మాంగా బొమ్మలో జుట్టును వెంట్రుక తర్వాత వెంట్రుకగా గీయరు. ముందుగా తలకు గుండ్రం గీసి, దాని మీద నుదుటి అంచు, పాపిట, సుడి ఎక్కడ వస్తాయో గుర్తు పెట్టుకోవాలి. జుట్టుకు తనదంటూ మందం ఉంటుంది కాబట్టి దాని బయటి గీత పుర్రెకు అంటుకోకుండా కొంచెం ఎత్తున రావాలి. ఆ తర్వాత ముంగురులు, చెంపల పక్కన దిగే జుట్టు, వెనక జుట్టు అని మూడుగా విడదీసుకుని, ఒక్కొక్క దాన్ని పెద్ద పెద్ద పాయలుగా, సుడి నుంచో పాపిట నుంచో బయలుదేరి కొసకు వచ్చేసరికి సన్నబడేలా గీయాలి. సన్న గీతలు, నలుపు నింపడం, నిగారింపు కోసం తెల్లగా వదిలే పట్టీ, ఇవన్నీ చివరి పనులు.

ఈ పుస్తకంలో మొదటి బొమ్మ ఖాళీ గుండ్రం, రెండో బొమ్మ పూర్తిగా తయారైన జుట్టు. నేర్చుకోవలసినదంతా ఆ రెండింటి మధ్యనే ఉంది, అది మాత్రం పుస్తకంలో లేదు. ఒకే అమ్మాయి ముఖాన్ని ఎదురుగా, పక్కగా చూపించిన పేజీలో పాపిట ఒక బొమ్మలో ఎడమ వైపుకు, మరో బొమ్మలో కుడి వైపుకు ఉంది. పక్క నుంచి చూపిన తల వెనక భాగమైతే కత్తితో కోసినట్టు చదునుగా ఉంది. చిన్న బొమ్మలను ఎక్కడి నుంచో తీసుకుని పెద్దవి చేసి అచ్చు వేశారని నా అనుమానం, ఎందుకంటే గీతల అంచులు మెట్లు మెట్లుగా పగిలి కనిపిస్తున్నాయి.

ఇక పాళీల సంగతి. మాంగా గీసేవారు ఎక్కువగా వాడే జీ పెన్ పాళీని నొక్కితే మొన విచ్చుకుని గీత లావవుతుంది, చెయ్యి తేలిక చేస్తే సన్నబడుతుంది. జుట్టు పాయ కొస సూదిలా రావడం దీనివల్లనే. ఈ కిట్‌లోని పాళీని ఎండలో పట్టుకుని చూస్తే, నొక్కకముందే మొనలోని రెండు రేకుల మధ్య వెలుతురు కనబడుతోంది, ఒక రేకు రెండో దాని కంటే పైకి లేచి ఉంది. కొత్త పాళీకి తుప్పు పట్టకుండా పూసే నూనెను శుభ్రంగా తుడిచిన తర్వాత కూడా ఒక్క గీతకు బదులు రైలు పట్టాల్లా రెండు గీతలు పడి, చివర సిరా బొట్టు రాలింది. జీబ్రా, నిక్కో వంటి జపాన్ కంపెనీల పాళీల మీద తయారీదారు పేరు లోహం మీదే అచ్చొత్తి ఉంటుంది. పెట్టె మీద ‘జపాన్ నాణ్యత’ అని రాసిన ఈ పాళీల మీద ఏ పేరూ లేదు. సిరా బాగా ఆరాక రబ్బరుతో పెన్సిల్ గీతలు చెరిపినా నలుపంతా పులుముకుపోయింది.

కట్టలోని 20 ఏ4 కాగితాలు 120 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు 120 గ్రాములు, అని అచ్చు వేశారు. ఏ4 కాగితం చదరపు మీటరులో పదహారో వంతు కాబట్టి, 120 జీఎస్ఎం అయితే ఒక్కో కాగితం ఏడున్నర గ్రాములు, 20 కాగితాలు 150 గ్రాములు తూగాలి. మా వీధి కిరాణా కొట్టు కాటా మీద పెడితే 90 గ్రాములు కూడా రాలేదు, అంటే అది మామూలు జిరాక్స్ కాగితమే. తన చెయ్యే తిరగడం లేదని దిగులుపడిన పిల్ల, తన రికార్డు పుస్తకంలోని తెల్ల కాగితం మీద పది రూపాయల జెల్ పెన్నుతో గీస్తే ముంగురులు చక్కగా వచ్చాయి.

దుకాణానికి తిరిగి తీసుకువెళితే, ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అనే బోర్డు చూపించారు. లోపమున్న సరుకుకు ఆ బోర్డు వర్తించదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం, బిల్లులో గడువు రాసి ఉంటే ఆ గడువులోగా, రాయకపోతే 30 రోజులలోగా, లోపమున్న వస్తువును వాపసు తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. అసలు బిల్లు ఇవ్వకపోవడం కూడా అదే కోవలోకి వస్తుంది. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు, చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపైతే అక్కడ రుసుము ఉండదు.

కొనాలనుకునేవారు సీలు తీయించి, పుస్తకంలో గుండ్రానికీ పూర్తయిన జుట్టుకూ మధ్య మెట్లు ఉన్నాయో లేవో ముందు చూడండి. తయారీదారు లేదా దిగుమతిదారు చిరునామా, తయారైన నెల, సంవత్సరం పెట్టె మీద లేకపోతే అక్కడికక్కడే వెనక్కి ఇచ్చేయండి. నన్నడిగితే మొదలుపెట్టే పిల్లలకు అసలు పాళీయే అక్కర్లేదు. హెచ్‌బీ, 2బీ పెన్సిళ్లు, మంచి రబ్బరు, మందమైన డ్రాయింగ్ కాగితాలు, ఒక నల్ల జెల్ పెన్ను కలిపినా ఆ కిట్ ధరలో సగం కూడా కాదు. ఇప్పటికే కొన్నవారు బిల్లునూ, పెట్టెనూ పారేయకుండా, పాళీ మొననూ కాటా మీది కాగితాల తూకాన్నీ ఫొటో తీసుకుని, బిల్లులో రాసిన గడువు, అది లేకపోతే 30 రోజులు దాటకముందే దుకాణదారుకు రాతపూర్వకంగా ఇవ్వండి.