కొనే ముందు చదవండి: టెల్లూరియం నానో పొడి, ఐదు గ్రాముల సీసా

వేడిని కరెంటుగా మార్చే పదార్థాల మీద పనిచేసే ఒక ప్రయోగశాలలో రసాయనాలు తెప్పించే పని నాది. అలాంటి పదార్థమే అయిన బిస్మత్ టెల్లూరైడ్ బిళ్లల కోసం ఎప్పుడూ టెల్లూరియం (వెండిలా మెరిసే పెళుసు మూలకం) ముక్కలే కొనేవాళ్లం. వాటిని బాల్ మిల్లులో, అంటే గుండ్లతో పొడి చేసే యంత్రంలో, గంటల తరబడి నలగగొట్టే బాధ తప్పుతుందని ఈసారి నానో పొడికి, అంటే కంటికి ఆననంత సన్నటి రేణువుల పొడికి, ఆర్డర్ పెట్టాం. అమ్మిన సంస్థ పేరు రాయను. ఐదుకు మూడు నక్షత్రాలు ఇస్తున్నాను.

ముందు మంచి మాట. ప్యాకింగ్‌లో లోపం లేదు. దేనితోనూ కలవని ఆర్గాన్ వాయువు నింపిన గాజు సీసా, దాని మీద గాలి చొరని సంచి, ఆపైన గట్టి డబ్బా. పదార్థం ఏమిటో ఎక్స్‌రేలతో గుర్తించే ఎక్స్‌ఆర్‌డీ పరీక్ష తీస్తే 27.6 డిగ్రీల దగ్గర పెద్ద గీత, 23, 38.3 దగ్గర చిన్నవి, అన్నీ టెల్లూరియానివే. వేరే లోహం జాడ లేదు. బిళ్లల పని కూడా తేలికయింది. ముక్కలతో అయితే లోపల అక్కడక్కడ కలవని టెల్లూరియం మిగిలేది, ఇప్పుడు ఆ బెడద లేదు.

ఇక పేచీ. లేబుల్ మీద ‘సగటు పరిమాణం 50 నానోమీటర్లు’ అని ఉంది. చదివినవారు గుండ్రటి రేణువులనే ఊహించుకుంటారు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద కనిపించినవి పొట్టి కడ్డీలు. మందం 50కి దగ్గరే, పొడవు మాత్రం కొన్ని వందల నానోమీటర్లు. టెల్లూరియం స్వభావమే అది. దాని పరమాణువులు మరమేకు మీది మరల్లా మెలితిరిగిన గొలుసులుగా అమరుతాయి. గొలుసులో బంధం గట్టిది, గొలుసుకూ గొలుసుకూ మధ్య బలహీనం. అందుకే స్ఫటికం పొడవునే సాగుతుంది. ఇలాంటి పదార్థానికి ఒక్క అంకె ఇచ్చి ఊరుకుంటే సగమే చెప్పినట్టు. మందం ఎంత, పొడవు ఎంత అని రెండూ రాయాలి. బిళ్లగా నొక్కినప్పుడు కడ్డీలు అడ్డంగా పడుకుంటాయి కాబట్టి వాహకతను ఏ దిక్కున కొలిచామన్నది మాకు ముఖ్యం. బ్యాచ్ ఫొటో పంపమని అడిగితే ప్రచార పత్రంలోని బొమ్మే మళ్లీ పంపారు. ఒక నక్షత్రం అక్కడ పోయింది.

రెండో నక్షత్రం స్వచ్ఛత ధ్రువపత్రం దగ్గర పోయింది. 99.99 శాతం అన్న మాట అబద్ధం కాదు, కానీ అది లోహ మలినాల లెక్క. ఆక్సిజన్ ఆ లెక్కలోకి రాదు. నానో పొడికి అసలు శత్రువు ఆక్సిజనే, ఎందుకంటే బరువుతో పోలిస్తే ఉపరితలం చాలా ఎక్కువ. గ్లవ్ బాక్స్‌లో (గాలి చొరకుండా, చేతి తొడుగుల గుండా పనిచేసే మూసిన పెట్టె) దాచిన పొడి అలాగే ఉంది. పరీక్ష కోసం బయట డెసికేటర్‌లో, అంటే తేమ తగలని పాత్రలో, ఉంచిన చిటికెడులో కొంతకాలానికి టెల్లూరియం డయాక్సైడ్ గీతలు తేలాయి. తెరిచాక ఎంతకాలం నిలుస్తుందో, ఎక్కడ ఉంచాలో సీసా మీద ఒక్క ముక్క లేదు.

భద్రతా పత్రం సంగతి మరీ విడ్డూరం. అది ముద్ద లోహం కోసం రాసింది. నానో అన్న మాటే అందులో లేదు. మూత తిప్పితే లోపలి అట్టకు నల్లటి పొడి అంటుకుని వచ్చింది, చేతి తొడుగు దగ్గరకు తెస్తే స్థిర విద్యుత్తుతో ఎగిరి దాన్నీ పట్టుకుంది. ఇలాంటిదాన్ని బల్ల మీద తెరవమని ఎవరికీ చెప్పను. అమెరికా కార్మిక భద్రతా నిబంధన ప్రకారం ఎనిమిది గంటల సగటున ఘనమీటరు గాలిలో టెల్లూరియం 0.1 మిల్లీగ్రాము దాటకూడదు. శరీరంలోకి చేరితే అది డైమిథైల్ టెల్లూరైడ్‌గా మారి ఊపిరిలో, చెమటలో వెల్లుల్లి కంపుగా బయటపడుతుంది, రోజుల తరబడి వదలదు. ఆవకాయ తిని వచ్చే మా కుర్రాళ్లలో ఆ కంపును ఎవరు పసిగడతారు? అందుకే ముక్కును నమ్ముకోకుండా తూకం కూడా గ్లవ్ బాక్స్‌లోనే వేయిస్తున్నాను. బోరోహైడ్రైడ్ అనే రసాయనంతో టెల్లూరియాన్ని కరిగించి వాడేవారికి ఇంకో మాట: ఆ ద్రావణానికి ఆమ్లం తగిలితే హైడ్రోజన్ టెల్లూరైడ్ అనే విషవాయువు పుడుతుంది. ఆ ద్రావణం వ్యర్థాన్నీ ఆమ్ల వ్యర్థాన్నీ ఒకే డబ్బాలో పోయకండి.

సరుకు ఆలస్యంగా వచ్చింది. దానికి మాత్రం అమ్మినవాళ్లను తప్పు పట్టను. టెల్లూరియం కోసమే తవ్విన గనులు దాదాపు లేవు. రాగిని విద్యుత్తుతో శుద్ధి చేసేటప్పుడు తొట్టి అడుగున చేరే బురదలోంచి తీసేదే ఎక్కువ. గిరాకీ పెరిగినంత మాత్రాన ఉత్పత్తి పెరగదు, రాగి ఎంత శుద్ధి అయితే అంతే. ఉన్నదాంట్లో పెద్ద వాటా కాడ్మియం టెల్లూరైడ్ సౌర ఫలకాలకు పోతుంది. పైగా అన్నిటికన్నా ఎక్కువ తీసే చైనా 2025 ఫిబ్రవరిలో టెల్లూరియం ఎగుమతులకు అనుమతి తప్పనిసరి చేసింది. గ్రాములలో కొనే మాలాంటివాళ్లు వరుసలో చివర నిలబడాల్సిందే.

గుండ్రటి రేణువులు కావలసినవారు ఈ సీసా జోలికి వెళ్లకండి. గ్లవ్ బాక్స్ లేనివారు అసలే వద్దు, ముక్కలు కొనుక్కుని నలగగొట్టుకోవడమే మేలు. బిళ్లల పనికి నేను మళ్లీ కొంటాను, కానీ ఐదు గ్రాములు ఒకే సీసాలో కాదు. ఒక్కో గ్రాము చొప్పున విడివిడిగా సీల్ చేసి ఇవ్వగలరా అని రాశాను. ఇస్తామన్నారు, సీసాకు అదనంగా కొంత రుసుము అడిగారు. ఆ రుసుము న్యాయంగానే ఉంది.