జూలియో చేజరే: చాలాకాలం నడిపాక నా అభిప్రాయం

వరల్డ్ ఆఫ్ వార్‌షిప్స్ అనే యుద్ధనౌకల ఆన్‌లైన్ ఆటలో ఐదో టైర్ (స్థాయి) వరకూ నాకు అన్నిటికంటే నచ్చిన ఓడ ఇటలీ వాళ్ల జూలియో చేజరే. కొన్నేళ్లుగా ఆడుతున్నా విసుగు పుట్టలేదంటే దాని గురే కారణం. 320 మిల్లీమీటర్ల ఫిరంగులు పది. ముందు ఐదు, వెనక ఐదు. 12 కిలోమీటర్ల దూరంలో పక్క చూపిస్తూ పోయే క్రూయిజర్ దొరికిందంటే గుండ్లన్నీ గుంపుగా వెళ్లి నీటి అంచు దగ్గర తగులుతాయి. ఈ టైర్‌లో మిగతా యుద్ధనౌకలతో అలా కొట్టడం అదృష్టం మీద ఆధారపడిన పని. ఒక దశలో ఆటలో దీని అమ్మకం ఆపేశారంటే ఎంత బలమైనదో ఊహించుకోవచ్చు.

చరిత్రలోని నిజమైన ఓడకి ఇంత గురి లేదు. పాత 305 మి.మీ. గొట్టాలనే లోపల తొలిచి 320 చేశారు. దాంతో గొట్టం బలం తగ్గింది, గుండ్లు చెదిరిపోయేవి. ఓడ చరిత్ర చదివాక నాకు ఈ తేడా బాగా గుచ్చుకుంది. ఆట ఇచ్చిన ఈ ఒక్క వరమే నిజంగా ఉండి ఉంటే మధ్యధరా సముద్రంలో దాని కథ వేరేగా ఉండేది.

1910లో జెనోవాలో నిర్మాణం మొదలుపెట్టి 1914లో నౌకాదళంలో చేర్చినప్పుడు దీనికి 13 ఫిరంగులు. ఓడ నడుమ కూడా మూడు ఫిరంగుల టరెట్ (ఫిరంగులుండే, తిరిగే గూడు) ఒకటి ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధంలో పెద్దగా పోరాడిందేమీ లేదు. 1933 నుంచి 1937 దాకా సాగిన పునర్నిర్మాణంలో ఆ నడుమ టరెట్ తీసేసి, బాయిలర్లు, ఇంజన్లు మార్చి, పాత ముక్కు మీద కొత్త ముక్కు తొడిగి ఓడని 10 మీటర్ల పైచిలుకు పొడిగించారు. 21 నాట్ల (గంటకి నాటికల్ మైళ్ల) చుట్టుపక్కల ఉన్న వేగం 27 దాటింది. ఆటలో మనకిచ్చేది ఈ రూపమే. ఆటలో ఓడలు నిలిపి చూసుకునే పోర్టులో కెమెరాని పక్కకి తిప్పి రెండు పొగగొట్టాల చుట్టూ చూడండి, టరెట్ పోయాక నడుమ భాగాన్ని ఎంత పొందిగ్గా సర్దారో తెలుస్తుంది. ఇరవై ఏళ్లు దాటిన ఓడని ఇంతగా మార్చిన ఇంజనీర్ల మీద నాకు చాలా గౌరవం.

రెండో ప్రపంచ యుద్ధంలో దక్షిణ ఇటలీ తీరం దగ్గర జరిగిన పుంటా స్తీలో పోరు సంగతి చెప్పకుండా ఉండలేను. 1940 జూలై 9న బ్రిటిష్ యుద్ధనౌక వార్‌స్పైట్ దాదాపు 24 కిలోమీటర్ల నుంచి పేల్చిన 15 అంగుళాల గుండు చేజరే వెనక పొగగొట్టాన్ని తాకింది. పొగ బాయిలర్ గదుల్లోకి చొరబడటంతో కొన్ని బాయిలర్లు ఆపేయాల్సి వచ్చింది, వేగం పడిపోయింది, ఇటలీ నౌకలు వెనుదిరిగాయి. ఆటలో ఈ రెండు ఓడలూ అంత దూరం కాల్చలేవు. ఇంజను దెబ్బతిన్నా ఆర్ బటన్ నొక్కితే క్షణాల్లో సర్దుకుంటుంది. అక్కడ ఆ గదుల్లో ఊపిరాడని మనుషులున్నారు.

ఆటలో అస్సలు కనిపించనిది ఇంకోటుంది, చమురు. 1942 నుంచి ఇంధనం లేక ఈ ఓడని ముందు వరసలోంచి తప్పించి శిక్షణకి వాడుకున్నారు. యుద్ధం తర్వాత 1949లో సోవియట్ చేతికి వెళ్లి నొవొరోసీస్క్ అయింది. 1955 అక్టోబర్ 29న నల్ల సముద్ర తీరంలోని సెవస్తోపోల్‌లో లంగరేసి ఉండగా పేలుడు జరిగి బోల్తా పడింది, 600 మందికి పైగా చనిపోయారు. ఆ పేరుతోనూ ఆటలో వేరే ఓడ ఉంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఒక మాట. వెనక ఫిరంగుల కోసం ఓడని మరీ తిప్పేస్తే పక్క బయటపడి ఒక్క సాల్వోకే (ఫిరంగులన్నీ ఒకేసారి పేల్చిన దెబ్బకే) సగం ప్రాణం పోతుంది. కొద్దిగా వాల్చి, కాల్చి, మళ్లీ ముక్కు తిప్పుకోవాలి. విమాన వాహక నౌక ఉన్న మ్యాచ్‌లో ఒంటరిగా తిరగకండి, దీని విమాన నిరోధక తుపాకులు దండగ. పక్కనే ఒక క్రూయిజర్ ఉంటే నిశ్చింతగా ఆడుకోవచ్చు.