ఆస్‌బోర్నా, స్పెషల్ ఎంట్రీయా: 1913లో బ్రిటన్ నౌకాదళమైన రాయల్ నేవీలో ఆఫీసరయ్యే రెండు దారులు

ఆస్‌బోర్న్ దారిలో వెళ్లాలంటే పిల్లాడికి పన్నెండు, పదమూడేళ్లకే ఇంటర్వ్యూ. ఐల్ ఆఫ్ వైట్ దీవిలోని ఆస్‌బోర్న్ నౌకాదళ కాలేజీలో రెండేళ్లు, డార్ట్‌మత్ కాలేజీలో రెండేళ్లు, ఆపైన ఆరు నెలలు ట్రైనింగ్ క్రూయిజర్ (శిక్షణకిచ్చిన యుద్ధనౌక). కాలేజీ ఫీజు ఏటా 75 పౌండ్లు. మిడ్‌షిప్‌మన్ (ఓడలో శిక్షణ పొందే కుర్ర ఆఫీసర్) అయ్యాక రోజుకొచ్చేది 1 షిల్లింగ్ 9 పెన్నీలే కాబట్టి ఇంటి నుంచి ఇంకా డబ్బు పంపాల్సిందే. అంటే మధ్యతరగతికి కూడా భారమే. ఆఫీసర్ల శిక్షణను మార్చిన 1902 నాటి సెల్‌బోర్న్ పథకం వల్ల ఇక్కడ వర్క్‌షాపు పని ఎక్కువ: ఆకురాయితో లోహం అరగదీయడం, లేత్, బాయిలర్లు. దాని మేలు నిజమైనదే. ఇబ్బందల్లా క్రమశిక్షణతోనే. గంట కొడితే ప్రార్థన, ఇంకోసారి కొడితే పళ్లు తోముకోవడం, ఆపైన చన్నీళ్ల మునక. చెప్పింది చేయడం వస్తుంది, సొంతంగా ఆలోచించడం రాదు.

స్పెషల్ ఎంట్రీ 1913లో మొదలైంది. స్కూలు చదువు ముగించిన పదిహేడున్నర, పద్దెనిమిదిన్నర ఏళ్ల మధ్యవాళ్లకు పోటీ పరీక్ష, తర్వాత ఏడాదిన్నర శిక్షణ. తనకేం కావాలో తెలిసిన వయసు కనుక నా ఓటు దీనికే. లోటల్లా సముద్రానుభవం. గన్‌రూమ్‌లో (ఓడలో కుర్ర ఆఫీసర్లు ఉండే గది) ఆస్‌బోర్న్ నుంచి వచ్చిన, తనకన్నా చిన్నవాళ్లు పడవ నడపడంలో ముందుంటారు.

1914 ఆగస్టులో మొదటి ప్రపంచ యుద్ధం రాగానే డార్ట్‌మత్ కుర్రాళ్లను చదువు మధ్యలోనే ఓడలెక్కించారు. సెప్టెంబరు 22న జర్మన్ సబ్‌మెరీన్ యు-9 ముంచిన అబూకిర్, హోగ్, క్రెసీ అనే బ్రిటిష్ క్రూయిజర్లలో వాళ్లూ ఉన్నారు, కొందరికి పదిహేనేళ్లే.

ఆస్‌బోర్న్ 1921లో మూతపడింది, స్పెషల్ ఎంట్రీ 1950ల దాకా నడిచింది.