పాలిసెట్ కౌన్సెలింగ్ సేవ: కంచరపాలెం సహాయ కేంద్రం నుంచి సీటు చేతికొచ్చేదాకా

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలో మద్దిలపాలెం నుంచి గాజువాక దాకా ఏ కూడలి చూసినా ఇంటర్ కాలేజీల ఫ్లెక్సీలే. ర్యాంకర్ల ఫొటోలు, హాస్టల్ ఏసీ గదులు, ఐఐటీ పేర్లు. ఆ తర్వాత కొద్ది వారాలకు కంచరపాలెం ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఏడాదికి 4,700 రూపాయల ఫీజుతో మూడేళ్ల ఇంజినీరింగ్ డిప్లొమా సీట్లు పంచుతుంటారు. దానికి ఫ్లెక్సీ కట్టేవాళ్లుండరు. ఇక్కడ సమీక్షిస్తున్నది ఆ చదువును కాదు, ఆ సీటు దాకా పిల్లల్ని నడిపించే ప్రభుత్వ సేవను: పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ ర్యాంకుల మీద జరిగే వెబ్ కౌన్సెలింగ్, దానికి అనుబంధంగా సర్టిఫికెట్లు పరిశీలించే సహాయ కేంద్రాలు.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. సీట్ల పంపకం నిక్కచ్చిగా జరుగుతుంది, అందులో సిఫారసుకు చోటు లేదు. కానీ దాన్ని వాడాల్సిన పదిహేనేళ్ల పిల్లకీ, ఆమెతో వచ్చిన తండ్రికీ నియమాలు అర్థమయ్యేలా చెప్పే పని మాత్రం ఎవరిదీ కానట్టు ఉంటుంది. మార్కులు చాలక సీటు పోతే సరే అనుకోవచ్చు. కాగితం లేకో, ఆప్షన్లు (కావలసిన కాలేజీ, బ్రాంచీల జాబితా) తప్పు వరుసలో పెట్టో పోయిన సీటే బాధ. ఐదుకు మూడున్నర ఇస్తాం.

పరీక్ష సంగతి క్లుప్తంగా. 120 ప్రశ్నలు, రెండు గంటలు, ఓఎంఆర్ షీటు. లెక్కలు 50, భౌతికశాస్త్రం 40, రసాయనశాస్త్రం 30. తప్పు జవాబుకు కోత లేదు కాబట్టి ఒక్క గడీ కూడా ఖాళీగా వదలకూడదు. అర్హతకు 36 మార్కులు చాలు, ఎస్సీ ఎస్టీలకు ఆ కనీసం కూడా లేదు. ప్రశ్నలన్నీ పదో తరగతి సిలబస్‌లోవే. ఇద్దరికి ఒకే మార్కులొస్తే ముందుగా లెక్కల మార్కు చూస్తారు, అందుకే సమయం చాలనప్పుడు లెక్కల్ని చివరికి నెట్టుకోకండి. దీనికోసం ప్రత్యేకంగా వేల రూపాయల కోచింగ్ అక్కర్లేదు. పాత ప్రశ్నపత్రాలు గడియారం పెట్టుకుని చేస్తే సరిపోతుంది.

అసలు కథ ర్యాంకు వచ్చాక. ప్రాసెసింగ్ ఫీజు ఓసీ, బీసీలకు 700, ఎస్సీ ఎస్టీలకు 250, ఆన్‌లైన్‌లో కట్టాలి. ర్యాంకుల వారీగా ఏ రోజు ఎవరు రావాలో ప్రకటిస్తారు. విశాఖ వాళ్లకు ఐటీఐ జంక్షన్ దగ్గరి కంచరపాలెం పాలిటెక్నిక్ అందుబాటులో ఉన్న కేంద్రం. అక్కడ చూసేవి ఇవి: పాలిసెట్ హాల్ టికెట్, ర్యాంకు కార్డు, పదో తరగతి మార్కుల మెమో, నాలుగు నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం లేదా రైస్ కార్డు, అగ్రవర్ణ పేదలైతే ఈడబ్ల్యూఎస్ పత్రం. ప్రతి దానికీ రెండు సెట్ల జిరాక్సులు ఇంటి దగ్గరే తీయించుకోండి.

ఇందులో ఎక్కువమంది దెబ్బతినేది మూడు చోట్ల. మొదటిది ఈడబ్ల్యూఎస్. అది ఆ ఏడాదికి చెల్లేది అయ్యుండాలి, అన్నకో అక్కకో తీసిన పాత కాగితం పనికిరాదు. గ్రామ, వార్డు సచివాలయంలో దరఖాస్తు పెట్టి తహసీల్దారు సంతకం అయ్యేసరికి రోజులు గడుస్తాయి, కాబట్టి ఫలితాల కోసం చూడకుండా పరీక్ష రాసిన మర్నాడే అర్జీ పెట్టాలి. రెండోది పేరు. మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటే సీటు ఆగదు గానీ, తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంట్ దగ్గర ఆగుతుంది. మెమోలో ఉన్నట్టే ఆధార్‌ని మార్పించుకోండి. మెమోని మార్పించడం అంతకన్నా చాలా పెద్ద పని. మూడోది స్టడీ సర్టిఫికెట్లు. బడి మారిన పిల్లలకు ప్రతి బడి నుంచీ విడివిడిగా కావాలి. మూతపడిన ప్రైవేటు బడి అయితే మండల విద్యాశాఖాధికారి కార్యాలయంలో అడగాలి, అది ఒక్కరోజులో తేలేది కాదు.

స్టడీ సర్టిఫికెట్ల మీద ఇంత పట్టు ఎందుకంటే స్థానికత దాని మీదే తేలుతుంది. 85 శాతం సీట్లు స్థానికులవి. పదో తరగతితో ముగిసేలా వరసగా నాలుగేళ్లు ఆంధ్రా యూనివర్సిటీ పరిధిలోని జిల్లాల్లో చదివితే స్థానికత వచ్చేస్తుంది. విశాఖలో దీనివల్ల తికమకపడేది నేవీ కుటుంబాలు, ఉక్కు టౌన్‌షిప్‌కి బదిలీ మీద వచ్చినవాళ్లు. పిల్ల ఏడు, ఎనిమిది తరగతులు ముంబయిలోనో కొచ్చిలోనో చదివి, తొమ్మిది, పది ఇక్కడ చదివితే ఆ లెక్క కుదరదు. అంతమాత్రాన దారి మూసుకుపోయినట్టు కాదు. తల్లిదండ్రుల్లో ఒకరు ఈ రాష్ట్రంలో కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగో ప్రభుత్వరంగ సంస్థ ఉద్యోగో అయితే మిగతా 15 శాతం సీట్లకు పోటీపడొచ్చు. దానికి ఆఫీసు నుంచి ఉద్యోగ ధ్రువపత్రం వెంట తీసుకెళ్లాలి. ఈ ముక్క కౌంటర్ దగ్గర అడిగితే చెబుతారు, అడక్కపోతే బోర్డు మీద ఎక్కడా కనబడదు.

ఇంకో చికాకు: సైనికుల పిల్లలు, ఎన్‌సీసీ, క్రీడలు, దివ్యాంగుల కోటాల పరిశీలన చాలా ఏళ్లుగా విజయవాడలోనే. ఇంత పెద్ద నౌకాదళ స్థావరం ఉన్న ఊరి నుంచి ఒక సంతకం కోసం 350 కిలోమీటర్లు వెళ్లిరావాలి. అర మార్కు అక్కడే కోశాం.

ఇక ఆప్షన్లు. సేవ మొత్తానికీ ఆయువుపట్టు ఇదే, జనం అపార్థం చేసుకునేదీ ఇదే. "నా ర్యాంకుకి ఆ కాలేజీ రాదు కదా, పైన పెడితే నష్టపోతామేమో" అని చాలామంది అడుగుతారు. నష్టం ఏమీ లేదు. కంప్యూటర్ ముందు మొదటి ర్యాంకు వాళ్ల జాబితా తెరుస్తుంది, వాళ్లు పెట్టిన వరుసలో పైనుంచి కిందికి చూస్తూ ఖాళీ ఉన్న మొదటి సీటు ఇచ్చేస్తుంది. తర్వాత రెండో ర్యాంకు. మీ వంతు వచ్చేసరికి మొదటి ఆప్షన్ నిండిపోతే రెండోది చూస్తుంది, అంతే. పైన ఆశపడినందుకు కింద శిక్ష ఉండదు. కాబట్టి వచ్చేది పైన కాదు, కావలసింది పైన పెట్టాలి. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, ఇంటికి దగ్గరని ఇష్టంలేని బ్రాంచిని రెండో వరుసలో పెట్టి, ఇష్టమైనదాన్ని ఏడో వరుసలో పెట్టడం. రెండోది దొరికిందంటే కంప్యూటర్ ఏడోదాని దాకా వెళ్లదు.

రెండో తప్పు, మరీ తక్కువ ఆప్షన్లు. ఒక కాలేజీలో ఒక బ్రాంచి అంటే ఒక ఆప్షన్. కంచరపాలెంలో నాలుగు బ్రాంచీలు పెట్టి ఆపేస్తే, అవి నిండితే తొలి విడతలో సీటే రాదు. కంచరపాలెం పాలిటెక్నిక్, పక్కనే ఉన్న ప్రభుత్వ కెమికల్ ఇంజినీరింగ్ సంస్థ, ఆడపిల్లలకు భీమిలి మహిళా పాలిటెక్నిక్, తర్వాత విజయనగరం, శ్రీకాకుళం, కాకినాడ ఆంధ్రా పాలిటెక్నిక్, ఆఖర్న ఇంటికి దగ్గరి ప్రైవేటువి. ఇలా వేస్తే ముప్పై, నలభై వరుసలు తేలిగ్గా అవుతాయి. ప్రైవేటులో కన్వీనర్ సీటు (ఈ కౌన్సెలింగ్ ద్వారా వచ్చేది) ఫీజు ఏడాదికి 25,000. గత ఏడాది చివరి ర్యాంకుల పట్టిక చూసేటప్పుడు మీ కులం, ఆడా మగా, స్థానికత మూడూ కలిసిన గడిలోనే చూడాలి. ఓసీ గడి చూసి భయపడి మంచి కాలేజీని వదిలేసే బీసీ ఆడపిల్లలు తక్కువేం కాదు.

ముందు తెల్లకాగితం మీద వరుస రాసుకుని, కాలేజీ కోడ్, బ్రాంచి కోడ్ పక్కన వేసుకుని, తర్వాతే సైటులో ఎక్కించండి. కోడ్లు ఒకే రకంగా ఉండి జారిపోతాయి. ఫోన్‌లో కాకుండా కంప్యూటర్ మీద చేస్తే వరుస మార్చడం సులువు. సేవ్ చేశాక లాగౌట్ అయి మళ్లీ తెరిచి చూడాలి. ఫ్రీజ్ (ఖరారు) చేశాక మార్పు కష్టం, ప్రింటు దాచుకోండి. ఇక ఓటీపీ వచ్చే నంబరు. నెట్ సెంటర్ వాళ్ల నంబరు ఇచ్చేస్తే అలాట్‌మెంట్ రోజున మీ ఇంటికి కబురు రాదు. కాలేజీల ఏజెంట్లు గాజువాక, పెందుర్తి ఇళ్లకు బ్యాగులు, ట్యాబుల ఆశ చూపిస్తూ వచ్చి "ఆప్షన్లు మేమే పెడతాం, ఓటీపీ చెప్పండి" అంటారు. చెప్పారంటే ఆ ఏజెంటు కాలేజీయే మొదటి పది వరుసల్లో కూర్చుంటుంది.

బ్రాంచి ఎంపికలో సహాయ కేంద్రం నోరు విప్పదు, అది వాళ్ల పని కాదు కూడా. మా మాట: అందరూ కంప్యూటర్ అంటున్నారని అటే పరుగెత్తకండి. ఈ ఊళ్లో రిఫైనరీ ఉంది, నౌకానిర్మాణ కేంద్రం ఉంది, ఉక్కు కర్మాగారం ఉంది, పరవాడలో ఫార్మా సిటీ, అచ్యుతాపురంలో సెజ్ ఉన్నాయి. విశాఖ రిఫైనరీలో ఆపరేషన్స్ టెక్నీషియన్ పోస్టుకు అడిగేది కెమికల్ డిప్లొమానే. మెకానికల్, ఎలక్ట్రికల్ వాళ్లకు షాపు ఫ్లోర్ మీద చోటు ఎప్పుడూ ఉంటుంది, షిఫ్టు డ్యూటీకి సిద్ధపడితే. కోర్సులో ఉండే ఆరు నెలల పారిశ్రామిక శిక్షణ ఎక్కడ దొరుకుతుందన్నది చాలామందికి మొదటి ఉద్యోగాన్నే నిర్ణయిస్తుంది. ఊళ్లోనే ఇన్ని ఫ్యాక్టరీలున్న కాలేజీకి అక్కడ తప్పకుండా మొగ్గు ఉంటుంది. కొన్ని ప్రత్యేక బ్రాంచీలు మూడున్నరేళ్లవి, పెట్టేముందు వ్యవధి చూసుకోండి.

డిప్లొమా అయ్యాక ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాస్తే బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. 200 మార్కుల పరీక్షలో సగం మీ బ్రాంచి సబ్జెక్టే. ఇంటర్ చదివి బీటెక్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్ రాసేవాడితో పోలిస్తే ఇంజినీరు కావడానికి ఒక ఏడాది ఆలస్యం అంటారు, అది నిజం కాదు: పది తర్వాత ఇంటర్ రెండు, బీటెక్ నాలుగు, మొత్తం ఆరు. డిప్లొమా మూడు, బీటెక్ మూడు, మొత్తం ఆరే. మధ్యలో చేతికో ఉద్యోగార్హత అదనం. ఏడాది పోతుందన్న మాట పెళ్లి భోజనాల దగ్గర వినబడేది, లెక్కలో లేదు. మూసుకుపోయే పెద్ద తలుపు: వైద్యం. డాక్టరో నర్సో కావాలన్న ఆలోచన ఇంట్లో ఏ మూల ఉన్నా బైపీసీయే చదివించండి, డిప్లొమా నుంచి నీట్‌కి దారి లేదు.

అలాట్‌మెంట్ వచ్చాక ఫీజు కట్టి, ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేసి, గడువులోగా కాలేజీకి వెళ్లి చేరాలి. సెల్ఫ్ రిపోర్టింగ్, కాలేజీలో చేరడం, ఈ రెండింటిలో ఒకటే చేసి ఊరుకున్నవాళ్ల సీటు రద్దవుతుంది. రెండో విడతలో మళ్లీ ఆప్షన్లు పెడితే కొత్త సీటు దొరికిన వెంటనే పాతది ఎవరికో వెళ్లిపోతుంది, తిరిగి అడిగే వీల్లేదు. అందుకే రెండో విడతలో పాత సీటుకంటే నిజంగా మేలైనవి మాత్రమే పెట్టాలి, సరదాకి ఒక్కటి కూడా వద్దు. చేరేటప్పుడు టీసీ అసలుది తీసుకుంటారు. మిగతావి చూసి తిరిగి ఇచ్చేయాలి, అసలు సర్టిఫికెట్లు కాలేజీలు దగ్గర పెట్టుకోకూడదన్నది అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) నియమం.

పాలిసెట్ రాయని వాళ్లకు ఆ పక్కనే ఐటీఐ ఉంది, పదో తరగతి మార్కుల మీదే సీటు. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ రెండేళ్లు, వెల్డర్ ఏడాది. ఆ తర్వాత నేవల్ డాక్‌యార్డ్ అప్రెంటిస్ స్కూలు ప్రకటన కోసం చూడాలి. ఐటీఐ నుంచి డిప్లొమా రెండో ఏడాదిలోకి పార్శ్వ ప్రవేశం కూడా ఉంది. ఒకేషనల్ ఇంటర్‌లో చేరి తర్వాత ఎప్‌సెట్ రాయాలనుకునేవాళ్లు బ్రిడ్జి కోర్సు పరీక్షలు తప్పకుండా రాసుకోవాలి, అవి లేకుండా అర్హత రాదు.

అన్ని విడతలూ అయ్యాక మిగిలిన సీట్లను ప్రైవేటు కాలేజీలు స్పాట్ అడ్మిషన్లుగా ఇస్తాయి. వాటికి ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించదు. "చేరండి, తర్వాత చూద్దాం" అన్న కాలేజీని ఆ ముక్క కాగితం మీద రాసి ముద్ర వేసి ఇమ్మనండి.