ట్యాంకర్ నూనె, ఇంధన నూనె: పరిహారం ఒకటేనా?

సముద్రంలో నూనె ఒలికితే నష్టపోయిన జాలరి ముందు అడగాల్సింది 'ఎంత ఒలికింది' అని కాదు, 'ఏ ఓడ నుంచి' అని.

ట్యాంకర్ సరుకుగా తెచ్చిన నూనె అయితే 1992 పౌర బాధ్యత ఒప్పందం వర్తిస్తుంది. తప్పు ఎవరిదో బాధితుడు నిరూపించనక్కర్లేదు, ఓడ యజమాని కట్టాల్సిందే. నష్టం అతను కట్టాల్సిన పరిమితి దాటితే 1992 నిధి ఆదుకుంటుంది. ఏటా 1,50,000 టన్నులకు మించి నూనెను సముద్రమార్గాన అందుకునే కంపెనీల చందాలతో నడిచే నిధి ఇది. రెండూ కలిపి 20.3 కోట్ల ఎస్‌డీఆర్ వరకు. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) లెక్కల కొలమానం.

ఇంజిన్ కోసం నింపుకున్న నూనె మామూలు సరుకు ఓడ నుంచి కారితే 2001 బంకర్ (ఓడ ఇంధన) ఒప్పందం వర్తిస్తుంది. యజమాని బాధ్యత, తప్పనిసరి బీమా, బీమా కంపెనీ మీదే నేరుగా దావా వేసే వీలు ఇక్కడా ఉన్నాయి. లేనిది ఆ రెండో జేబు, అదే నిధి. పైగా పరిమితి సాధారణ సముద్ర చట్టాల ప్రకారమే. అదే మొత్తాన్ని ఇతర దావాలతో పంచుకోవాల్సి రావచ్చు.

2020లో మారిషస్ పగడపు దిబ్బపైకెక్కిన వకాషియో అనే ఓడ ట్యాంకర్ కాదు. సుమారు 1,000 టన్నుల ఇంధనం కారినా 1992 నిధి తలుపు తెరుచుకోలేదు. నా దృష్టిలో ఇది అన్యాయం. మడ అడవికి అంటిన నూనె ఏ ట్యాంకులోదైతేనేం?