గుండె చుట్టూ నీరు తీయించిన నాలుగు రోజులు: రాజమహేంద్రవరంలో మా అనుభవం

ఊపిరితిత్తుల క్యాన్సర్ నాలుగో దశలో ఉన్న మా నాన్నగారిని, గుండె చుట్టూ చేరిన నీరు తీయించడానికి రాజమహేంద్రవరంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నాలుగు రోజులు ఉంచాము. బిల్లుపై మా ఫిర్యాదు ఇంకా వారి వద్దే ఉన్నందున పేరు రాయడం లేదు.

అంతకు ముందు వారం రోజులు ఆయన పడుకోలేక, పడక కుర్చీలో దిండు మీదకు వంగి కూర్చునే తెల్లవార్లూ గడిపారు. కోనసీమలో మొదట చూపించిన చోట నెమ్మనుకొని, మూత్రం ఎక్కువగా పోయే ఇంజెక్షన్లు ఇచ్చారు. గుండెను నీరు నొక్కేస్తున్నప్పుడు అవి రక్తపోటును ఇంకా పడగొడతాయని తర్వాత తెలిసింది. ఇక్కడి క్యాజువాలిటీ డాక్టరు గారు మాత్రం మెడ మీద ఉబ్బిన నరం చూసి, బీపీ 90 అని నర్సు చెప్పగానే, మా ఫైలు తెరవకుండానే గుండెను స్కాన్ చేసే ఎకో మిషన్‌ను మంచం దగ్గరకు తెప్పించారు. నా మార్కుల్లో సగం ఆ నిర్ణయానికే.

రొమ్ము ఎముక దిగువన మత్తు ఇచ్చి, ఎకోలో చూసుకుంటూ సూది గుచ్చి, దాని దారిలోనే సన్నని గొట్టం వేశారు. ఆరోగ్యంగా ఉన్నవారిలో 50 మిల్లీలీటర్లకు మించని ఆ చోటు నుంచి నేరేడు పండు రసం రంగులో 700 వచ్చింది. ఒక్కసారిగా తీస్తే గుండె తట్టుకోలేదని విడతలుగా తీశారు. సగం రాకముందే నాన్నగారు "కాస్త వెల్లకిలా పడుకుంటానురా" అన్నారు. తర్వాత ఏ రోజు ఎంత వచ్చిందో నర్సమ్మ సంచి మీది ప్లాస్టరుపై రాసేది: 180, 90, 25. అంతకు తగ్గాక గొట్టం తీసేశారు. ఏ క్యాన్సర్ మందు పనిచేయవచ్చో తేల్చే, బయాప్సీ ముక్క చాలక ఆగిపోయిన ఈజీఎఫ్ఆర్ అనే జన్యు పరీక్షను ఈ నీటిలోని క్యాన్సర్ కణాల మీదనే చేయవచ్చని చెప్పి, మేము అడగకముందే పంపించారు కూడా.

లోపమల్లా ఇంటికి పంపే రోజున కనిపించింది. ఈ నీరు మళ్లీ చేరవచ్చని, అలా చేరితే గుండె పొరకు చిన్న కిటికీలాంటి రంధ్రం చేసే శస్త్రచికిత్స ఉంటుందని డిశ్చార్జి కాగితంలో లేదు. లిఫ్టు దగ్గర నేనే ఆపి అడిగితే, అది తమ వద్ద చేయరని, విశాఖపట్నం వెళ్లాలని పెద్ద డాక్టరు గారు చెప్పారు. గొట్టం తీసేటప్పుడు రెండు నిమిషాలు చూసిన ఎకోకు కూడా పూర్తి రుసుము వేశారు.

అయినా ఆయాసం మళ్లీ వస్తే అర్ధరాత్రయినా ముందు అక్కడికే తీసుకువెళ్తాము. విశాఖ సంగతి నీరు తీశాకే.